మెషిన్ బంగారం, సర్వీస్ మాత్రం మునుపటిలా లేదు: ఏడేళ్లు వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇందులో మెషిన్ గురించి తక్కువ, కంపెనీ గురించి ఎక్కువ ఉంటుంది. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్, కొని ఏడేళ్లు దాటింది, రోజు విడిచి రోజు వాడతాం, ఇన్నేళ్లలో ఒకసారి డోర్ రబ్బరు మార్పించాం అంతే. దాని మీద నాకు ఒక్క కంప్లైంట్ కూడా లేదు. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, జరిగింది చదివితే చాలు.

పోయిన నెల ఒకరోజు ఉతకడం అయ్యాక నీళ్లు బయటికి పోలేదు. డ్రమ్ములో సగం దాకా సబ్బు నీళ్లు, అందులో బట్టలు, డోర్ లాక్ ఊడదు. యాప్‌లో కంప్లైంట్ పెడితే మర్నాడు పొద్దున్నే ఒక కుర్రాడు వచ్చాడు, పర్లేదే ఇంత తొందరగా వచ్చారు అని సంతోషపడ్డా కూడా. మెషిన్ ఆన్ చేశాడు, ఎర్రర్ కోడ్ చూశాడు, ఆఫ్ చేశాడు, "బోర్డు పోయింది మేడమ్, మార్చాలి" అన్నాడు. బ్యాగు జిప్పు కూడా తియ్యలేదండీ. బోర్డు అంటే మెషిన్ని నడిపించే ఎలక్ట్రానిక్ సర్క్యూట్, దాని రేటు వింటే దానికన్నా కొత్త మెషినే నయం అనిపించింది, ఇంట్లో మాట్లాడుకుని చెప్తామన్నా. "సరే మేడమ్, మీ ఫోన్‌కి ఓటీపీ వచ్చుంటుంది చెప్పండి, కాల్ క్లోజ్ చెయ్యాలి" అన్నాడు. రిపేరే అవ్వలేదు కదా బాబూ, క్లోజ్ ఏంటి అని అడిగితే ఫోన్ నా వైపు తిప్పి చూపించాడు, మా కంప్లైంట్ నంబర్ పక్కన ఎర్ర అంకెల్లో టైమ్ తగ్గుతూ వస్తోంది. ఇరవై నాలుగ్గంటల్లో క్లోజ్ కాకపోతే తన ఇన్సెంటివ్ కట్ అవుతుందట, ఇంకా ఐదిళ్లు తిరగాలట. మొహం పీక్కుపోయి ఉంది, జాలేసి చెప్పేశా. అతను మెట్లు దిగేలోపే మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కారమైంది, రేటింగ్ ఇవ్వండి అని. డ్రమ్ములో నీళ్లు అలాగే ఉన్నాయి.

మళ్లీ కంప్లైంట్ పెట్టా. ఈసారి కాస్త పెద్దాయన వచ్చారు. వస్తూనే "చివరిసారి ఏం ఉతికారమ్మా" అని అడిగారు, మొదటి అబ్బాయి అడగని మొదటి ప్రశ్న అది. కింద మూలన ఉన్న చిన్న మూత తీశారు, తడిగుడ్డ పరిచి ఒక ట్రే పెట్టారు, లోపలి సన్న పైపు బయటికి లాగి నీళ్లన్నీ ట్రేలోకి వదిలారు, నాలుగైదు సార్లు పారబోయాల్సి వచ్చింది. తర్వాత ఫిల్టర్ మెల్లగా తిప్పి లాగితే దాంతోపాటు మా పాపది ఒక సాక్సు, దారం చుట్టుకున్న చొక్కా గుండీ వచ్చాయి. ఆ రంధ్రంలోకి టార్చ్ వేసి పంపు రెక్కలు వేలితో తిప్పి చూశారు, తిరుగుతున్నాయి. "బోర్డుకేం కాలేదమ్మా, బంగారంలా ఉంది." మొత్తం ఇరవై నిమిషాలు పట్టిందేమో. ఫిల్టర్ కుళాయి కింద కడిగి, నా చేతికిచ్చి నాతోనే బిగింపించారు, ఇంకోసారి మా అవసరం లేకుండా మీరే చేసుకోవచ్చని.

మరి మొన్నటి అబ్బాయి ఇది ఎందుకు చూడలేదండీ అని అడిగా. ఆయన వాడి తప్పు కాదమ్మా అనే మొదలుపెట్టారు. ఒకప్పుడు, మేం చూసొచ్చిన ఇంటినుంచి నెలలోపు మళ్లీ కంప్లైంట్ వస్తే అది మా ఖాతాలో పడేది, అందుకని ఒక్కసారికే కుదురుగా చేసి వచ్చేవాళ్లం, పైన వాళ్లు మారాక రోజుకి ఎన్ని కాల్స్ క్లోజ్ చేశావు, ఎన్ని పార్టులు అమ్మావు ఇవే అడుగుతున్నారు, నెలలోపు మళ్లీ ఫోన్ వస్తే అది కొత్త కాల్ కింద లెక్క అన్నారు. అంటే మా ఇంట్లో మొదటిసారి బాగుపడని మెషిన్ వాళ్ల రిపోర్టులో రెండు సక్సెస్‌లు అయి కూర్చుంది. నాకు అప్పటిదాకా ఆ కుర్రాడి మీదే కోపం, ఇది విన్నాక ఆ లెక్క పెట్టినవాళ్ల మీదికి మళ్లింది.

నేను ఉద్యోగంలో కస్టమర్ సపోర్ట్ చూసినదాన్ని, అందుకే ఇది అంత తేలిగ్గా వదల్లేకపోతున్నా. 1981లో యాన్ కార్ల్‌జన్ అనే ఆయన స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ పగ్గాలు తీసుకున్నాక ఒక లెక్క చెప్పేవారు: ఏడాదికి కోటి మంది ప్రయాణికులు, ఒక్కొక్కరికి సుమారు ఐదుగురు సిబ్బంది ఎదురవుతారు, ఎదురైనప్పుడల్లా దాదాపు 15 సెకన్లు, జనం దృష్టిలో మా కంపెనీ అంటే ఆ 15 సెకన్లే అని. చెప్పి ఊరుకోలేదు, కౌంటర్లో నిలబడేవాళ్లు మేనేజర్ని అడక్కుండా అక్కడికక్కడే సమస్య తేల్చేలా అధికారం ఇచ్చారు. మా ఇంటికొచ్చిన కుర్రాడికి ఇచ్చింది ఏంటి, ఒక టైమర్.

టార్గెట్లు మనుషుల చేత ఏం చేయిస్తాయో చూడాలంటే వెల్స్ ఫార్గో చాలు. 1852 నుంచి ఉన్న అమెరికన్ బ్యాంకు, అప్పటిదాకా నమ్మకానికి పెట్టింది పేరు. ఒక్కో కస్టమర్‌కి ఎనిమిది ప్రాడక్టులు అమ్మాలని పైనుంచి ఒత్తిడి, ఆ ఒత్తిడి తట్టుకోలేక బ్రాంచి ఉద్యోగులు కస్టమర్లకి తెలియకుండా లక్షల కొద్దీ ఖాతాలు తెరిచేశారు. 2016 సెప్టెంబర్లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, అప్పటికే దాదాపు 5,300 మంది ఉద్యోగుల్ని తీసేశారు, సీఈఓ జాన్ స్టంఫ్ అక్టోబర్లో దిగిపోయారు. ముందు ఉద్యోగం పోయింది ఎవరికో చూడండి, టార్గెట్ పెట్టినవాళ్లకి కాదు, అందుకోడానికి పరిగెత్తినవాళ్లకి.

ఇంకోవైపు 1982 టైలెనాల్ సంగతి నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది, అప్పట్లో జాన్సన్ అండ్ జాన్సన్ అమ్మే నొప్పుల మందు అది. చికాగో చుట్టుపక్కల ఎవరో షాపుల్లోని క్యాప్సూల్స్‌లో సైనైడ్ కలిపారు, ఏడుగురు చనిపోయారు. జాన్సన్ అండ్ జాన్సన్ ఫ్యాక్టరీలో జరిగింది కాదు, ఆ మాట చెప్పి తప్పుకోవచ్చు. అప్పటి చైర్మన్ జేమ్స్ బర్క్ దేశమంతటా సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలు వెనక్కి రప్పించారు, ఖర్చు 10 కోట్ల డాలర్లు దాటింది. 1943లోనే ఆ కంపెనీ రాసుకున్న సిద్ధాంతంలో మందు వాడేవాళ్లు మొదట, వాటాదార్లు చివర. కాగితం మీద ఇలాంటివి అందరికీ ఉంటాయి, డబ్బు పోయే రోజున దాన్ని తీసి చదివారా లేదా అన్నదే లెక్క. అలాగని ఒకసారి వచ్చిన పేరు శాశ్వతం కాదులెండి, అదే కంపెనీ మీద తర్వాత టాల్కమ్ పౌడర్ గురించి వేలల్లో దావాలు పడ్డాయి.

మళ్లీ నా విషయానికొస్తే, జరిగిందంతా కంపెనీకి మెయిల్ రాశా. రెండ్రోజులకి ఒకమ్మాయి ఫోన్ చేసింది, చాలా మర్యాదగా మాట్లాడింది, పాపం తననేం అనలేను. కానీ అడిగింది ఒక్కటే, మొదటి విజిట్‌కి రేటింగ్ ఒకటే ఇచ్చారు, మార్చగలరా అని. రిపేర్ కాకుండా క్లోజ్ ఎందుకైంది, బాగున్న బోర్డు పోయిందని ఎందుకు చెప్పారు, ఈ రెండూ రాసుకోడానికి తన స్క్రీన్లో చోటే లేదంది. రేటింగ్ మార్చలేదు.

మెషిన్‌కి ఐదుకి నాలుగున్నర. సర్వీస్‌కి ఒకటిన్నర, ఆ కాస్తా కూడా పెద్దాయన వల్లే. ఆయన వివరాలు రాస్తే ఆయనకే ఇబ్బంది, అందుకే రాయట్లేదు. ఏడేళ్లుగా రెన్యూ చేయిస్తున్న సర్వీస్ కాంట్రాక్ట్ ఈసారి ఆపేశా.

మీ మెషిన్లో కూడా నీళ్లు పోకపోతే బోర్డు అనగానే కంగారు పడకండి. ప్లగ్ తీసేసి, నీళ్లు వేడిగా ఉంటే చల్లారనిచ్చి, కింది మూత తీసి ముందు సన్న పైపు నుంచి నీళ్లు వదలండి, ఆ తర్వాతే ఫిల్టర్ తిప్పండి, లేదంటే ఇల్లంతా నీళ్లే. పెట్టేటప్పుడు పూర్తిగా బిగిసిందో లేదో రెండుసార్లు చూసుకోండి.