లెక్క పక్కా, హెచ్చరికలే తికమక: ఓ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రివ్యూ

రేటింగ్: 5కి 2.5

పేరు రాయడం లేదు. తిరుపతి గాంధీరోడ్డులోనో, చిత్తూరు బజారులోనో మీ కౌంటర్ మీద ఇదే ఉంటే, కింద రాసిన మెసేజీలు చూసి మీరే గుర్తుపడతారు. స్టాకు, బాకీలు, పన్ను లెక్క... వంక పెట్టడానికేం లేదు. ఎక్కడైనా తప్పు జరిగితేనే దీని అసలు రంగు బయటపడుతుంది.

రద్దీలో థర్మల్ ప్రింటరు ఆగిందనుకోండి. 'ప్రింట్ విఫలమైంది. లోపం సంభవించింది' అంటుంది, అంతే. రోలు అయిపోయిందా, కేబుల్ ఊడిందా? చెప్పదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, బిల్లు సేవ్ అయిందో లేదో కూడా చెప్పదు. నిజానికి ప్రింటుకు ముందే సేవ్ అయిపోయి ఉంటుంది. అది తెలియక కౌంటర్ కుర్రాడు మళ్లీ నొక్కుతాడు. అదే సరుకుకి ఇంకో బిల్లు నంబరు పడుతుంది, స్టాకు రెండుసార్లు తగ్గుతుంది. జీఎస్టీ బిల్లు నంబర్లు వరుసలో ఉండాలి కాబట్టి చెరిపేయడం కుదరదు, రద్దు చేయాలి. 'బిల్లు 1042 సేవ్ అయింది. పేపర్ రోలు అయిపోయింది. రోలు మార్చి మళ్లీ ప్రింట్ నొక్కండి' అని ఉంటే ఈ తంటా ఉండదు.

రద్దు చేయబోతే వచ్చే బాక్సు ఇంకో వింత. 'బిల్లు రద్దు చేయాలా?' అని అడిగి కింద రెండు బటన్లు పెట్టారు: 'సరే', 'రద్దు'. ఏది నొక్కితే బిల్లు పోతుందండీ? ఇంగ్లిష్ 'క్యాన్సిల్' బటన్ని మక్కీకి మక్కీ దించితే వచ్చిన తిప్పలివి. 'బిల్లు తీసేయి', 'అలాగే ఉంచు' అని రాస్తే చాలు.

జీఎస్టీ నంబరు తప్పు కొడితే పైన ఎర్రగా 'చెల్లని ఇన్‌పుట్' అని వచ్చి, చదివేలోగా మాయమవుతుంది. 15 అక్షరాల్లో ఎక్కడని వెతకాలి? 8వ స్థానం నుంచి 11వ స్థానం దాకా అంకెలే ఉండాలి. అక్కడ సున్నాకు బదులు 'ఓ' పడితే ఆ గడి పక్కనే ఆ మాట చెప్పొచ్చు. చివరి అక్షరం సరిచూసుకోవడానికే ఉంది. అది కలవకపోతే 'ఎక్కడో ఒకటి తప్పింది, కార్డు చూసి కొట్టండి' అనాలి. కొట్టినదాన్ని మాత్రం చెరపకూడదు. ఇది చెరిపేస్తుంది!

మన జిల్లాలకు తగిలే దెబ్బ ఇంకోటుంది. సరుకు వేలూరు వ్యాపారికి వెళ్తుంటే, ఆయన జీఎస్టీ నంబరు 33తో (తమిళనాడు కోడ్) మొదలైతే, ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే అమ్మకాలకు వేసే పన్ను) పడాలి. 37 (ఆంధ్రప్రదేశ్ కోడ్) అనుకుని, రాష్ట్రంలోపలి అమ్మకాలకు వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసినా ఇది నోరు మెదపదు. ఆపక్కర్లేదు, సేవ్‌కి ముందు ఒక్క మాట అడిగితే చాలు.

హెచ్చరికల అక్షరాలు లేత పసుపు మీద తెలుపు. తెర మీది రాత అందరూ చదవగలిగేలా ఉండాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం ప్రకారం మామూలు అక్షరాలకు కనీసం 4.5:1 కాంట్రాస్టు (అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో తేడా) ఉండాలి. ఇది దాని దరిదాపుల్లో కూడా లేదు.

బాగా చేసింది ఒకటుంది, స్టాకు హెచ్చరిక. 'ఉన్నవి 4, మీరు కొట్టింది 6' అని గడి పక్కనే చెబుతుంది, పని ఆపదు.

కొనేముందు డెమోలో రోలు తీసేసి ఒక ప్రింటు, 'ఓ' పెట్టి ఒక జీఎస్టీ నంబరు కొట్టించి చూడండి. పది నిమిషాల పని.