నాలుగు వైపులా డోవ్‌టెయిల్ ఉన్న చెక్క దిమ్మ: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

విడదీసి మళ్లీ కలిపే చిక్కుబొమ్మ లాంటి రెండు ముక్కల దిమ్మ ఇది. పైసగం టేకు, కిందిసగం రోజ్‌వుడ్, అంటే మన జిట్రేగి. రెండూ కలిసే చోట నాలుగు ముఖాల మీదా డోవ్‌టెయిల్, అంటే పావురం తోకలా విచ్చుకున్న అతుకు ఆకారం కనిపిస్తుంది: కింద సన్నగా, పైన వెడల్పుగా. ముందు వైపు చూస్తే, ఇది ముందు నుంచి వెనక్కి జారాలి అనిపిస్తుంది. పక్కకు తిప్పితే అక్కడా అదే ఆకారం. అంటే ముందుకు లాగితే పక్క డోవ్‌టెయిల్ పట్టేస్తుంది, పక్కకు లాగితే ముందుది పట్టేస్తుంది. పైకి ఎత్తే మాటే లేదు. మరి దీన్ని ఎలా కలిపారు? చూసినవాళ్లందరూ అడిగేది ఇదే.

జవాబు చెప్పేస్తున్నాను. తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్లు తర్వాతి పేరా వదిలేయండి.

దిమ్మ మూల నుంచి మూలకు, 45 డిగ్రీల వాలున జారుతుంది. ముందు ముఖం మీద కనిపించే డోవ్‌టెయిల్ వెనక ముఖానికి వెళ్లదు, మూలను కోసుకుంటూ కుడి ముఖానికి వెళ్తుంది. ఎడమ ముఖం మీదది వెనక ముఖానికి వెళ్తుంది. లోపల ఉన్నవి ఒకదానికొకటి సమాంతరంగా రెండు తిన్నని నాలుకలు (పొడుచుకు వచ్చిన చెక్క పట్టీలు), వాటికి సరిపడే రెండు గాడులు. అంతే. ఎదురెదురు ముఖాల మీద ఒకే ఆకారం కనిపిస్తే అది ఇటు నుంచి అటు తిన్నగా పోయిందని మన కన్నే నిర్ణయించేసుకుంటుంది.

గుట్టు తెలిసిపోయాక ఇక దానితో పనేముంది అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. గుట్టు తెలిశాకే నాకు దీని మీద ఇష్టం పెరిగింది. అప్పటిదాకా చూసింది బయటి ఆకారం. ఆ తర్వాత చూస్తున్నది చేసినవాళ్ల చేతి పని.

ఒక లెక్క చూడండి. నాలుక వాలుగా కోసుకుని బయటికి వస్తుంది కాబట్టి, ముఖం మీద వెడల్పు అసలు వెడల్పు కన్నా సుమారు 1.41 రెట్లు కనిపిస్తుంది. లోపల 14 మిల్లీమీటర్లు ఉన్నది బయట దాదాపు 20. డోవ్‌టెయిల్ వాలు కూడా అలాగే పెరుగుతుంది. గాడులు తీసే యంత్రానికి బిగించే 14 డిగ్రీల కోత మొనతో (రౌటర్ బిట్) గాడి తీస్తే ముఖం మీద అది 19 డిగ్రీలు దాటి కనిపిస్తుంది. మార్కెట్లో దొరికే దిమ్మల్లో చాలావాటికి డోవ్‌టెయిల్ మరీ విచ్చుకున్నట్టు ఉండటానికి కారణం ఇదే. నా దిమ్మ చేసినవారు ఈ లెక్క ముందే వేసుకుని, లోపలి వాలు తగ్గించి, రంపంతో, ఉలితో చేశారు. అందుకే బయటికి అది మామూలు సొరుగు డోవ్‌టెయిల్‌లా నిండుగా, నమ్మకంగా ఉంది. అది మామూలుగా ఉన్నకొద్దీ చూసేవాళ్లకు చిక్కు బలంగా పడుతుంది.

ఇక వాడకంలో తేలిన విషయాలు. మాది విజయవాడ. మే నెల ఎండ, ఆ వెంటనే వానల తేమ, రెండూ చెక్కను పరీక్ష పెట్టేవే. అయినా ఈ దిమ్మ బిగువు ఏడాది పొడుగునా పెద్దగా మారలేదు. ముసురు పట్టిన రోజుల్లో బొటనవేలితో కాస్త గట్టిగా నెట్టాలి, అంతే. ఇది కలప ఎంపిక చలవ. పచ్చి చెక్క పూర్తిగా ఎండేసరికి టేకు దాని వలయాలకు (చెట్టు ఏటేటా పెరిగిన గుర్తులకు) అడ్డంగా 2.5 శాతం, వలయాల వెంబడి 5.8 శాతం కుంచించుకుపోతుంది. రోజ్‌వుడ్‌కు ఆ అంకెలు 2.7, 5.8. రంగులో అంత తేడా ఉన్న రెండు చెక్కలు కదలికలో ఇంత దగ్గరగా ఉండటం అదృష్టం. పైగా రెండు సగాల్లోనూ వలయాలు ఒకే దిక్కుకు ఉండేలా ముక్కలు పెట్టారు. అందుకని నాలుక ఉబ్బితే గాడీ అంతే విచ్చుకుంటుంది.

మా అక్కావాళ్లింట్లో ఇలాంటిదే ఇంకొకటి ఉంది, వేరే చోట కొన్నది. దానిలో ఒక సగం వలయాలు ఒకవైపుకు, రెండోదానివి దానికి అడ్డంగా ఉన్నాయి. ఆగస్టులో అది కదలదు. రబ్బరు సుత్తితో మూల మీద తట్టాల్సి వస్తుంది. వేసవిలో చేత్తో ఊపితే చప్పుడు చేస్తుంది. పైకి చూస్తే రెండు దిమ్మలకూ తేడా కనిపించదు.

లోపం కూడా చెప్పాలి. గాడి ముఖం మీదికి వచ్చే చోట చెక్క అంచు 45 డిగ్రీలకు పలచబడుతుంది. టేకు వైపు అలాంటి ఒక అంచు కొద్దిగా పెచ్చు ఊడింది. వచ్చినవాళ్లందరూ మెలితిప్పి లాగుతారు, తప్పదు. రోజ్‌వుడ్ వైపు ఇప్పటికీ పదునుగానే ఉంది. గాడుల్లో నూనె పూయకండి, జిడ్డుకు దుమ్ము పడుతుంది. కొవ్వొత్తి మైనం రుద్దితే చాలు.

మా ఇంటి తలుపులు బిగించిన మేస్త్రి ఒకాయన దీన్ని అటూ ఇటూ తిప్పి, లాగకుండా, నాలుగు అతుకుల మీదా గోరు నడిపించి చూశాడు. "మూలకు పోతాది కదా సార్?" అన్నాడు. నాకెంత సంతోషమేసిందో. ఆ తర్వాత లోపలి గాడి అడుగు చూసి, "ఇది ఉలి పనే" అని చాలాసేపు చేతిలోనే పెట్టుకున్నాడు.

ఇలాంటి అతుకులు బల్ల మీద బొమ్మలేనా అంటే, కావు. జపాన్‌లో ఒసాకా కోట ఓతెమోన్ ద్వారం దగ్గర ఒక స్తంభం ఉంది. అడుగు పుచ్చిపోతే ఆ భాగం వరకు తీసి కొత్త చెక్క అతికారు. ఎదురెదురు రెండు ముఖాల మీద డోవ్‌టెయిల్ లాంటి ఆకారం, మిగతా రెండింటి మీద కొండ శిఖరం లాంటి ఆకారం. ఎలా దూర్చారో చాలాకాలం అంతుపట్టలేదు. 1983లో ఎక్స్-రే తీశాకే లోపలి సంగతి బయటపడింది. అక్కడా వాలుగా జార్చడమే కిటుకు. పైన బరువు మోస్తున్న స్తంభానికి కింద కొత్త కాలు పెట్టాల్సిన అవసరంలోంచి అంత అందమైన అతుకు పుట్టిందంటే, చెక్క పని మీద నాకున్న గౌరవం రెట్టింపవుతుంది.

జపాన్‌దే కవాయ్ త్సుగితె కూడా కొంతకాలం వాడాను. కవాయ్ నవోహితో అనే ఆయన రూపొందించిన అతుకు అది. ఒకేలాంటి రెండు ముక్కలు తిన్నగానూ కలుస్తాయి, మూల తిరిగి కూడా కలుస్తాయి. ఊహగా అద్భుతం. కానీ దాని మొనలు మరీ సన్నం, పిల్లల చేతికి ఇవ్వలేం. రోజూ పట్టుకుని తిప్పడానికి డోవ్‌టెయిల్ దిమ్మకే నా ఓటు.

కొనేటప్పుడు మూడు సంగతులు చూడండి. విడదీసి చూపించమని అడగండి. జిగురు పెట్టి అతికేసినవీ అమ్ముతున్నారు, వాటిని ముట్టుకోవద్దు. రెండు సగాల చివర్లలో వలయాల దిక్కు పోల్చండి. ఆఖరున, కలిపాక వెలుతురుకు ఎత్తి పట్టి నాలుగు ముఖాల అతుకులూ చూడండి. మూడు బాగుండి నాలుగోదానిలో సందు కనిపిస్తే, గాడులు సమాంతరంగా రాలేదన్నమాట. అలాంటిది ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి, ఆ సందు తర్వాత పెరుగుతుందే కానీ తగ్గదు.