లోన్ ఉన్న కారు అమ్మకం, మధ్యలో ఒక కన్సల్టెన్సీ: 5కి మూడున్నర

తిరుపతి బాలాజీ కాలనీలో నాది జిరాక్స్ షాపు. బండి అమ్మినప్పుడు ఆర్‌సీలో పేరు మార్చడానికి ఇచ్చే ఫారం 29, ఫారం 30 ఎన్ని వందలసార్లు తీసిచ్చానో లెక్క లేదు. అందులో ఏముందో ఒక్కసారీ చదవలేదు. మొన్న మే నెలలో సొంత కారు అమ్మాల్సి వచ్చినప్పుడు చదివాను.

బండి స్విఫ్ట్, 2021 మోడల్, పెట్రోల్, 48 వేల కిలోమీటర్లు తిరిగింది. ఆన్‌లైన్‌లో పాత కార్లు కొనే కంపెనీ మనిషి ఇంటికొచ్చి, ఫోన్‌లో ఏవేవో నొక్కి 4,90,000 అన్నాడు. మా బావమరిదికి తెలిసిన దామలచెరువు మామిడి మండీ పెద్దాయన 5,60,000కు ఒప్పుకుని 20,000 అడ్వాన్స్ ఫోన్‌పే కొట్టాడు. చిక్కల్లా లోన్‌తోనే. ఆర్‌సీలో బ్యాంకు పేరుంది. ఆయన డబ్బిస్తే గానీ నేను లోన్ కట్టలేను. "ఫైనాన్స్ క్యాన్సిల్ కాకుండా అంత డబ్బు చేతికెట్ల ఇచ్చేది సామీ?" అని ఆయన. ఆయన మాటలోనూ న్యాయముంది.

అందుకే రేణిగుంట రోడ్డు వైపు ఉన్న ఒక కన్సల్టెన్సీకి వెళ్లాను. పేరు రాయను. మెచ్చుకునేవీ ఉన్నాయి, తిట్టుకునేవీ ఉన్నాయి. కమీషన్‌కు బండ్లు అమ్మిపెట్టేవాళ్లే గానీ, 5,000 ఇస్తే బేరం కుదిరిన బండికి డబ్బు, కాగితాల పని చూసిపెడతారు.

డబ్బు పని మాత్రం అక్కడి కుర్రాడు బాగా చేశాడు. ముందు నన్ను బ్యాంకుకు పంపి ఫోర్‌క్లోజర్ లెటర్, అంటే లోన్ మొత్తం ఒకేసారి తీర్చేయడానికి ఎంత కట్టాలో రాసిచ్చే కాగితం, తెప్పించాడు. చార్జీలతో కలిపి 1,86,740, సోమవారం దాకా చెల్లుతుంది. ఆ తేదీ దాటితే రోజువారీ వడ్డీ కలిపి మళ్లీ కొత్త లెటర్ తీసుకోవాలి. శనివారం మండీ పెద్దాయన గోనెపట్టా సంచీతో దిగాడు. సీజన్ కదా, అంతా నగదే. "లెక్కబెట్టుకోండి" అని బల్ల మీద పెట్టాడు. నిజం చెప్పాలంటే నాకు చేయి లాగింది.

కుర్రాడే అడ్డం పడ్డాడు. "అన్నా, రెండు లక్షలు, ఆ పైన నగదు తీసుకోకూడదు. 2017 నుంచి రూలుంది. తీసుకున్నంతా ఫైన్ పడుతుంది, అదీ ఇచ్చినాయనకు కాదు, నీకు." రోజుకింత చొప్పున తీసుకుంటానన్నాను. ఒకే అమ్మకం కాబట్టి అదీ కుదరదన్నాడు. పెద్దాయన సంచీ మళ్లీ కట్టుకుంటూ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

సోమవారం ఆయన ఆ నగదు తన ఖాతాలోనే వేసుకున్నాడు. అక్కడి నుంచి 1,86,740 నేరుగా నా లోన్ ఖాతాకు నెఫ్ట్ చేయించారు. నా చేతికి రాకుండా వెళ్లింది కాబట్టి ఆయనకు భయం లేదు. లోన్ ఖాతాలో బాకీ సున్నా చూపించాక, మిగిలిన 3,53,260 నాకు ఆర్‌టీజీఎస్. అప్పటిదాకా రెండు తాళంచెవులూ కుర్రాడి సొరుగులోనే ఉన్నాయి. పెద్దాయన కొడుకు ఫోన్‌లో స్క్రీన్‌షాట్ చూపించి "పోయింది సార్" అంటే, నా బ్యాంకు యాప్‌లో బ్యాలెన్స్ పెరిగిందాకా సొరుగు తెరవలేదు. ఇరవై నిమిషాలు ముగ్గురం టీ తాగుతూ ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. తర్వాత డెలివరీ నోట్ రాశాడు, టైముతో సహా: సాయంత్రం 4:40. ఆ నిమిషం ముందు పడిన చలానాలు నావి, తర్వాతవి ఆయనవి. ఈ ఒక్క పనికే 5,000 ఇవ్వొచ్చు.

తర్వాతి సంగతి వేరు. ఫారం 29, 30 మీద సంతకం పెట్టమన్నాడు. చూస్తే కొనేవాళ్ల పేరు ఖాళీ, తేదీ ఖాళీ. "ఇదంతా మామూలే అన్నా, మేం నింపుకుంటాం" అన్నాడు. అలా ఖాళీగా ఇస్తే ఆ కాగితాలతో బండి ఎన్ని చేతులు మారినా రికార్డులో నా పేరే ఉంటుంది. మా షాపుకొచ్చే లాయరు గారు ఒకసారి చెప్పారు: 2018లో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, బండి చేతులు మారినా యాక్సిడెంట్ పరిహారం రిజిస్ట్రేషన్‌లో పేరున్నవాడి మెడకే. పేరూ తేదీ నా చేత్తోనే నింపి, షాపుకెళ్లి రెండు సెట్లు తీసి, ఆ తర్వాతే ఇచ్చాను. కుర్రాడు కాస్త మొహం ముడుచుకున్నాడు. ముడుచుకోనీ.

ఆర్‌సీలో బ్యాంకు పేరు తీసేయించడానికి కావాల్సిన బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 పోస్టులో రావడానికి 11 రోజులు పట్టింది. అది బ్యాంకు ఆలస్యం, వాళ్లననను. కానీ అవి తీసుకెళ్లి ఇచ్చాక మూడు వారాలు "రేపన్నా, ఎల్లుండన్నా". పేరు మారిందా లేదా అని రవాణా శాఖ పరివాహన్ సైట్‌లో బండి నంబర్ కొట్టి చూసుకోవడం నాకు పొద్దున కాఫీలాగా అలవాటైపోయింది. పైగా ఆర్‌టీఓ స్లాట్ ఖర్చులని ఇంకో 1,500. మొదటే 6,500 అని చెప్పుంటే మారుమాట్లాడకుండా ఇచ్చేవాణ్ని.

ఫాస్టాగ్ ఊసు ఎవరూ ఎత్తలేదు, నాకూ తట్టలేదు. బండి ఇచ్చిన నాలుగో రోజు గాదంకి టోల్‌గేట్ దగ్గర డబ్బు కట్ అయినట్టు నాకు మెసేజ్. మర్నాడు రెండు. పెద్దాయన మామిడి లెక్కల కోసం తిరుపతికి తిరుగుతున్నాడు, నా ఖర్చుతో. ఫోన్ చేస్తే "అయ్యో, అద్దానికి అట్లే ఉండాది సామీ" అని వెంటనే డబ్బు పంపాడు. ట్యాగ్ ఆ రోజే క్లోజ్ చేయించాను. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లోపు తన పేరుకు మార్పించుకోమని ఆయనకు నేనే చెప్పాల్సి వచ్చింది.

ఆర్‌సీలో పేరు మారింది జూన్ చివర్లో. లోన్ ఉన్న బండి అమ్మేవాళ్లు డబ్బు పనికి వాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు. పొద్దున పదకొండు లోపు వెళ్తే ఆ కుర్రాడే ఉంటాడు, తర్వాత వాళ్ల మామ కూర్చుంటాడు, ఆయనకు ఆర్‌టీజీఎస్ అంటే విసుగు. ఫీజు ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి. పెన్ను మీరే తీసుకెళ్లండి, వాళ్ల దగ్గరున్నది రాయదు.