రికార్డులు తిప్పాలంటే: ఒకేసారి తెచ్చుకోవాలా, మాటిమాటికీ అడగాలా?

అమీర్‌పేటలో ఒక చీరల షాపు వెబ్‌సైట్ అనుకుందాం. హోమ్ పేజీలో డేటాబేస్‌లోని చీరలు 10 సెకన్లకొకటి మారాలి. ఒక్కో చీర వివరాలు ఒక్కో రికార్డు.

మొదటి దారి: పేజీ తెరుచుకున్నప్పుడే 20 రికార్డులు తెచ్చుకుని బ్రౌజర్‌లోనే నడిచే జావాస్క్రిప్ట్ టైమర్‌తో తిప్పడం.
రెండో దారి: 10 సెకన్లకోసారి సర్వర్‌ని అడగడం.

సర్వర్ భారం: మొదటిదానికి పేజీ తెరిచినప్పుడు ఒక్క క్వెరీతో (డేటాబేస్‌ని ఒకసారి అడగడంతో) సరి. రెండోదాంట్లో వంద మంది పేజీ తెరిచి కూర్చుంటే నిమిషానికి 600 రిక్వెస్టులు. పైగా ఏదో ఒక చీరని యాదృచ్ఛికంగా తీయడానికి చాలామంది మైఎస్‌క్యూఎల్‌లో (ఇదో డేటాబేస్ సాఫ్ట్‌వేర్) 'ఆర్డర్ బై ర్యాండ్' అనే ఆదేశం వాడేస్తారు. కావాల్సింది ఒక్క చీరే అయినా, అది టేబుల్‌లో ప్రతి వరుసకీ ఒక ర్యాండమ్ నంబర్ వేసుకుని అప్పుడు ఒకటి తీస్తుంది. టేబుల్ పెద్దదైతే సర్వర్‌కి చుక్కలే.

పని: మొదటిది ఒక పూటలో అయిపోతుంది. రెండోదానికి మధ్యలో నెట్ పోతే ఏం చూపాలో కూడా రాయాలి.

రిస్క్: మొదటిదాంట్లో, అమ్ముడైపోయిన గద్వాల చీర రిఫ్రెష్ చేసేదాకా తిరుగుతూనే ఉంటుంది. మాట పడేది షాపువాళ్లే.

ఏదైనా సరే, పాజ్ బటన్ ఉండాల్సిందే. చదువుతుండగా మారిపోతే ఎవరికైనా చిరాకే.

చీరలు, ఆఫర్లు, రివ్యూలకైతే నా ఓటు మొదటిదానికే. క్లిక్ చేసినప్పుడు స్టాక్ మళ్లీ చూసుకుంటే చాలు. హాస్పిటల్ లాబీ టీవీలో టోకెన్ నంబర్లకైతే రెండోదే.