ఎమర్జెన్సీలో గంటల తరబడి ఎదురుచూపు: నాలుగు మార్గాల్లో ఏది మేలు?

ఎమర్జెన్సీలో ఎదురుచూపు విసుగుతో పోయేది కాదు, ప్రాణం మీదకు తెచ్చేది. పక్షవాతం వచ్చినప్పుడు రక్తం అందక మెదడులో నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని అంచనా. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే పడాలి. తీవ్రమైన గుండెపోటులో మూసుకుపోయిన రక్తనాళాన్ని ఆసుపత్రిలో అడుగుపెట్టిన 90 నిమిషాల్లో తెరవాలంటారు. అలాంటి రోగులు వచ్చే చోటే మనుషులు ఆరు గంటలు, పది గంటలు పడిగాపులు కాస్తున్నారు.

దీనికి విరుగుడు ఏమిటంటే నాలుగు మాటలు వినిపిస్తాయి. వచ్చినవాళ్లను జబ్బు తీవ్రతను బట్టి వేరుచేయాలి. చిన్న జబ్బులవాళ్లను వేరే చోటికి పంపాలి. ఇన్ని గంటల్లో తేల్చాలని గడువు పెట్టాలి. పై వార్డుల్లో బెడ్లు త్వరగా ఖాళీ చేయాలి. నాలుగూ కావాలనడం తేలికే. ఉన్న డబ్బూ మనుషులూ కొద్దిగానే అయినప్పుడు ముందు దేని మీద పెట్టాలన్నది తేల్చుకోవాలి.

ఎక్కువమంది నమ్మేది రెండో మార్గం. "జలుబుకీ దగ్గుకీ కూడా ఎమర్జెన్సీకే పరిగెత్తుకొస్తున్నారు, అందుకే ఈ రద్దీ" అనే మాట ఎక్కడికి వెళ్లినా వినబడుతుంది. ఇది రోగుల మీద తప్పు నెట్టడమేనని నా అభిప్రాయం. కెనడాలోని ఒంటారియోలో ఇదే విషయాన్ని లెక్కగట్టి 2007లో ప్రచురించారు. ఎనిమిది గంటల వ్యవధిలో చిన్న జబ్బులవాళ్లు పదిమంది అదనంగా వస్తే, మిగతా రోగులు డాక్టర్‌ను చూడటానికి సగటున సుమారు రెండు నిమిషాలే ఆలస్యమైంది. కారణం ఊహించదగ్గదే. కాలు బెణికినవాడికి కుర్చీ చాలు, స్ట్రెచర్ అక్కర్లేదు. డాక్టర్ పది నిమిషాలు చూసి పంపేస్తాడు. వాళ్లకు పక్కనే వేరే గది, వేరే డాక్టర్‌ను పెడితే వాళ్ల పని త్వరగా అవుతుంది, అది మంచిదే. ఛాతీ నొప్పితో పడుకున్న మనిషికి మాత్రం దానివల్ల ఒరిగేది తక్కువ.

మొదటి మార్గం, అంటే జబ్బు తీవ్రతను బట్టి వేరుచేసే ట్రయాజ్, లేకుండా అసలు ఎమర్జెన్సీనే నడపలేం. మాంచెస్టర్ పద్ధతిలో ఐదు రంగులుంటాయి: ఎరుపు వస్తే వెంటనే చూడాలి, నారింజ 10 నిమిషాలు, పసుపు గంట, ఆకుపచ్చ 2 గంటలు, నీలం 4 గంటలు. ఆస్ట్రేలియా, కెనడాల్లోనూ ఐదు మెట్ల పద్ధతులే ఉన్నాయి, గడువుల్లో తేడాలున్నాయంతే. అయితే ట్రయాజ్ చేసేది ఎవరు ముందు, ఎవరు వెనక అని వరస తేల్చడం వరకే. వరస పొడవు దానివల్ల తగ్గదు. పైగా అది ఆ నిమిషానికి తీసిన కొలత. రాత్రి పదింటికి బీపీ, పల్స్ బాగానే ఉన్న కడుపు నొప్పి మనిషికి ఒంటిగంటకు లోపల రక్తస్రావం మొదలై ఉండొచ్చు. అందుకే వేచి ఉన్నవాళ్లను మళ్లీ మళ్లీ చూడాలి. రద్దీ ముదిరినప్పుడు ముందుగా ఆగిపోయేది ఆ రెండోసారి చూడటమే.

గడువు పెట్టడం సంగతి ఇంగ్లండ్ చూసింది. అక్కడ 2000లో ప్రకటించిన ప్రణాళిక ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లను నాలుగు గంటల్లో చేర్చుకోవడమో, ఇంటికి పంపడమో, వేరే ఆసుపత్రికి మార్చడమో జరగాలి. 98 శాతం మందికి అలా జరగాలని లక్ష్యం పెట్టుకుంటే, 2005 నాటికి దాదాపు దాన్ని అందుకున్నారు. అంతకుముందు స్ట్రెచర్ల మీద రాత్రుళ్లు గడిపిన జనానికి అది చిన్న మార్పేమీ కాదు. ఎమర్జెన్సీ ఇబ్బందిని ఆసుపత్రి మొత్తానికీ ఇబ్బందిగా మార్చడమే ఆ గడువు చేసిన మేలు. కీడు కూడా జరిగింది. నాలుగో గంట నిండబోతున్న చివరి నిమిషాల్లో రోగులను గబగబా కదిలించడం లెక్కల్లో స్పష్టంగా కనబడేది. రోగి అవసరాన్ని కాకుండా గడియారాన్ని చూసి నిర్ణయాలు జరిగేవి. 2010లో లక్ష్యాన్ని 95 శాతానికి తగ్గించారు. 2015 జులై తర్వాత దాన్ని కూడా అందుకోలేకపోయారు. లక్ష్యం కాగితం మీద అలాగే ఉంది, బెడ్లే లేవు.

అందుకే నా ఓటు నాలుగోదానికి. ఎమర్జెన్సీ నిండిపోవడానికి పెద్ద కారణం లోపలికి వచ్చేవాళ్లు కాదు, బయటకు కదలలేనివాళ్లు. డాక్టర్ చూశాడు, పరీక్షలయ్యాయి, అడ్మిట్ చేయాలని రాశారు. పైన వార్డులో బెడ్ లేదు. ఆ మనిషి అదే స్ట్రెచర్ మీద, అదే ట్యూబ్‌లైట్ల వెలుగులో ఉండిపోతాడు. అలాంటివాళ్లు పదిహేనుమంది ఉంటే కొత్తగా వచ్చినవాళ్లను పడుకోబెట్టి పరీక్షించే చోటే ఉండదు. అంబులెన్సులు కూడా రోగిని దించలేక బయటే ఆగిపోతాయి.

ఈ ఆలస్యం ఖరీదు ఎంతో లెక్కలున్నాయి. ఇంగ్లండ్‌లో 50 లక్షలకు పైగా రోగుల వివరాలు పరిశీలించి 2022లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వచ్చిన ఆరు నుంచి ఎనిమిది గంటలైనా వార్డు బెడ్ దొరకని ప్రతి 82 మందికి, 30 రోజుల్లోపు ఒక అదనపు మరణం సంభవించింది. ఫ్రాన్స్‌లో 75 ఏళ్లు దాటినవాళ్ల మీద జరిగిన మరో పరిశీలన 2023లో వచ్చింది. రాత్రంతా ఎమర్జెన్సీలోనే గడిపినవాళ్లలో 15.7 శాతం మంది ఆసుపత్రిలోనే చనిపోయారు. అర్ధరాత్రి లోపు వార్డుకు చేరినవాళ్లలో అది 11.1 శాతం. పెద్దవాళ్ల సంగతి తెలిసిందే. సన్నటి స్ట్రెచర్ మీద కదలకుండా పడుకుంటే వీపు ఒరిసిపోతుంది, నిద్రలేక మనసు తికమకపడుతుంది, రోజూ వేసుకునే మాత్రలు ఆ గందరగోళంలో తప్పిపోతాయి.

మరి బెడ్లు ఖాళీ చేయడమంటే కొత్త భవనాలే కట్టాలా? కొన్నిచోట్ల అదీ తప్పదు. కానీ ఒక బెడ్ ఎలా ఖాళీ అవుతుందో దగ్గర్నుంచి చూడండి. పొద్దున రౌండ్స్‌లో పెద్ద డాక్టర్ "ఇంటికి వెళ్లొచ్చు" అంటాడు. డిశ్చార్జ్ కాగితం రాయాల్సిన జూనియర్ మిగతా రోగులను చూసుకుని మధ్యాహ్నానికి రాస్తాడు. ఫార్మసీ నుంచి మందులు రావాలి, తీసుకెళ్లే బంధువు రావాలి, బెడ్ శుభ్రం చేయాలి. ఇంటికి వెళ్లగలిగిన మనిషి సాయంత్రం వరకు బెడ్ మీద, ఆ బెడ్ కావాల్సిన మనిషి అప్పటిదాకా కింద స్ట్రెచర్ మీద. శనివారం, ఆదివారం అయితే రౌండ్సే సరిగా జరగవు. ఇక్కడ మిగుల్చుకునే గంటలకు కొత్త భవనం అక్కర్లేదు.

న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ ఆసుపత్రి ఇంకో అడుగు వేసింది. ఎమర్జెన్సీ నిండిపోతే, అడ్మిట్ అయిన రోగులను ఒక్కో వార్డుకు ఒకరిద్దరు చొప్పున పంచి, అవసరమైతే వార్డు వరండాలో ఉంచుతారు. వార్డు నర్సులకు అది అదనపు భారమే, కాదనలేం. కానీ ఒకేచోట పదిహేనుమందిని ఇద్దరు నర్సులు చూడటం కంటే, ఒక్కో వార్డు ఒకరిని ఎక్కువగా చూసుకోవడం తక్కువ ప్రమాదం. అలా పంపిన రోగులకు అదనపు హాని జరగలేదని వాళ్ల అనుభవం తేల్చింది.

ఒక్కచోట మాత్రం నా లెక్క మారుతుంది. పైన బెడ్లు ఖాళీగానే ఉండి, కింద డాక్టర్ దొరకక ఆలస్యమవుతుంటే, అనుభవమున్న డాక్టర్‌ను నేరుగా ట్రయాజ్ దగ్గరే కూర్చోబెట్టడం మేలు. పరీక్షలు అక్కడే మొదలవుతాయి, ఎవరికి ముప్పుందో ముందే తెలుస్తుంది.

ఈ మార్పులన్నీ ఆసుపత్రి చేతిలోవి. ఈ రాత్రి అక్కడ కుర్చీలో కూర్చున్నవాళ్లు చేయగలిగింది వేరు. విసిగిపోయి ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోవద్దు. "ఎంతసేపు?" అని అడిగితే వచ్చే జవాబు తక్కువ. "వచ్చినప్పుడు మాట స్పష్టంగా ఉంది, ఇప్పుడు తడబడుతోంది", "ఇందాక లేని చెమటలు ఇప్పుడు పడుతున్నాయి", "నొప్పి చేతిలోకి పాకింది" అని మారినదాన్ని మారినట్టు నర్సుకు చెప్పండి, మళ్లీ బీపీ, పల్స్ చూడమని అడగండి. అవసరమైతే అరగంటకోసారి అడగండి.