డిక్కీలో కైట్, దాని మీద ఐస్ బ్యాగ్: నాలుగు వేసవుల తర్వాత

దుబాయ్‌లో ఉద్యోగం చేసే నాలాంటి వాళ్లకు కైట్‌బోర్డింగ్ (గాలి కొట్టి ఎగరేసే పెద్ద కైట్ లాగుతుంటే కాళ్ల కింద బోర్డుతో నీళ్ల మీద జారే ఆట) అంటే ఆఫీసు అయ్యాక దొరికే గంటన్నర. మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి గాలి లేస్తుంది. ఇంటికెళ్లి సామాను తెచ్చుకునేలోపు చీకటి పడిపోతుంది. కాబట్టి పొద్దున్నే కైట్‌ను డిక్కీలో వేసుకుని వెళ్లాల్సిందే. మా ఆఫీసు పార్కింగ్‌లో నీడ లేదు.

మొదటి వేసవి అలాగే గడిపాను. ఆగస్టులో ఒక సాయంత్రం ఉమ్ సుఖీమ్ కైట్ బీచ్‌లో నా తొమ్మిది చదరపు మీటర్ల కైట్‌కి గాలి కొడుతుంటే లీడింగ్ ఎడ్జ్ (కైట్ ముందు అంచున గాలి నింపే గొట్టం) దగ్గర బుస్సుమని చప్పుడు. లోపల గాలి పట్టి ఉంచే ట్యూబు లాంటి బ్లాడర్‌ను బయటికి లాగి చూస్తే వాల్వ్ అంచు సగం పైగా ఊడి ఉంది. దాన్ని పట్టి ఉంచిన జిగురు వేడికి మెత్తబడి జారిపోయింది. బ్లాడర్ మడతలు కూడా ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది. రెండు నెలలు డబ్బు దాచుకుని కొన్న కైట్ అది.

ఆ తర్వాత కొన్నదే ఈ బ్యాగ్. పడవల మీద చేపలు పట్టేవాళ్లు ఐస్ వేసుకోవడానికి వాడే పొడవాటి మెత్తటి బ్యాగ్. సుమారు 120 సెంటీమీటర్లు ఉంటుంది, గోడల్లో రెండు సెంటీమీటర్ల ఫోమ్, పైన వెండి రంగు పూత. కైట్‌ను వదులుగా చుట్టినా పడుతుంది.

దీని పనితనం నమ్మకంగా తెలుసుకోవాలని రెండు చిన్న డిజిటల్ థర్మామీటర్లు కొని, ఒకటి డిక్కీలో, ఒకటి బ్యాగ్ లోపల పెట్టాను. బయట 43 డిగ్రీలున్న ఒక జులై రోజున మధ్యాహ్నం రెండింటికి డిక్కీ 58 చూపించింది. కారు ఆపిన రెండు గంటల తర్వాత బ్యాగ్ లోపల 38, నాలుగు గంటల తర్వాత 46. సాయంత్రం అయిదున్నరకు 54. అంటే బ్యాగ్ వేడిని ఆపదు, ఆలస్యం చేస్తుంది. సగం పూట వదిలేస్తే కైట్ క్షేమం. రోజంతా వదిలేస్తే బ్యాగ్ ఉన్నా లేకున్నా పెద్ద తేడా లేదు.

ఇంకో సంగతి ఆ రాత్రే తెలిసింది. ఎనిమిదింటికి డిక్కీ 40కి దిగింది, బ్యాగ్ లోపల ఇంకా 50. వేడిని లోపలికి నెమ్మదిగా రానిచ్చే ఫోమే దాన్ని బయటికీ నెమ్మదిగా పోనిస్తుంది. అందుకే ఇప్పుడు నీళ్లలోకి వెళ్లని రోజు కూడా ఇంటికి రాగానే జిప్ తెరిచి కైట్ బయట పెట్టేస్తాను. మధ్యాహ్నం భోజనానికి దిగినప్పుడు వీలైతే కారును బిల్డింగ్ నీడలోకి మారుస్తాను. బ్యాగ్ కంటే ఈ రెండు అలవాట్ల వల్లే ఎక్కువ మేలు జరిగిందని నా అభిప్రాయం.

ఐస్ ప్యాక్‌లు కూడా పెట్టి చూశాను. వద్దు. ఇక్కడి ఉక్కకి వాటి మీద నీరు పట్టి కైట్ తడిసింది. తడి, వేడి కలిస్తే బూజు వాసన, ఒక రంగు ఇంకో రంగులోకి దిగడం. ఉప్పు కడిగినా పూర్తిగా ఆరాకే చుట్టాలి.

అన్నిటికీ వేడి ఒకేలా హాని చెయ్యదు. కైట్ గుడ్డ పాలిస్టర్, డిక్కీ వేడికి దానికేమీ కాదు, దాని శత్రువు నేరుగా పడే ఎండ. కైట్‌ను పట్టి ఉంచే లైన్లు (తాళ్లు) డైనీమా అనే గట్టి ప్లాస్టిక్ దారం, కరగాలంటే 150 డిగ్రీల దరిదాపులకు పోవాలి. వదులుగా చుట్టి పెట్టిన నా లైన్లలో వేడి వల్ల వచ్చిన మార్పేదీ కనిపించలేదు. దెబ్బ తినేవి జిగురుతో అతికించినవి: వాల్వ్‌లు, బోర్డు మీద కాళ్ల కింది ప్యాడ్లు. గాలి కొట్టిన కైట్‌ను ఎండలో వదిలేయడం వేరే ప్రమాదం. 30 డిగ్రీల దగ్గర 7 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టింది 60కి వేడెక్కితే 9 దాకా పోతుంది. కాసేపు కూర్చోవాలన్నా నేను కొంచెం గాలి తీసే కూర్చుంటాను.

ఇంట్లో మొదట బాల్కనీ అలమరాలో పెట్టేవాణ్ణి. పడమటి ఎండంతా దాని మీదే. ఇప్పుడు పడకగదిలో మంచం కింద ఉంటుంది. సెలవుకి నెల రోజులు కాకినాడ వెళ్లేటప్పుడు వాల్వ్‌లన్నీ తెరిచి, నొక్కకుండా వదులుగా చుడతాను. ఏడాదికోసారి బ్లాడర్లు తీసి, మడతలు అతుక్కోకుండా టాల్కమ్ పౌడర్ రాస్తాను. చిన్నప్పుడు మా వీధి సైకిల్ షాపులో పంక్చర్ వేశాక ట్యూబుకి తెల్లపొడి రాసేవారు. అదెందుకో ఇక్కడికొచ్చాక అర్థమైంది.

బ్యాగ్ విషయానికొస్తే, మూడో వేసవికి మడతల దగ్గర వెండి పూత రాలడం మొదలైంది. జిప్ పళ్లు ప్లాస్టిక్ కాబట్టి బాగున్నాయి, లాగే లోహపు ముక్క మాత్రం ఉప్పుకి తుప్పు పట్టింది. కొవ్వొత్తి రుద్దుతూ నెట్టుకొస్తున్నాను. ఇంత ధరకి తుప్పు పట్టని జిప్ ఇచ్చి ఉండాల్సింది. ఆఫీసు నుంచి నేరుగా నీళ్లలోకి వెళ్లేవాళ్లు కొనుక్కోవచ్చు. కారునే స్టోర్‌రూమ్‌గా వాడాలనుకునేవాళ్లు కొనొద్దు.

ఊడిన చోట అతికించిన కొత్త వాల్వ్ మూడు వేసవులుగా కదల్లేదు. మే రాకముందే బ్యాగ్ జిప్ మార్పించాలి.