గేమింగ్‌లో వాయిస్ చాట్: డిస్కార్డ్‌ను చాలాకాలం వాడాక చెప్పగలిగేది

వాలరెంట్ లాంటి ఐదుగురి ఆటలో శత్రువు ఎక్కడున్నాడో చెప్పే మాట అర సెకను ఆలస్యమైతే దానితో పనిలేదు. ముక్కలుముక్కలుగా వినపడినా అంతే. ఈ పనికి డిస్కార్డ్ అనే వాయిస్ చాట్ యాప్, గేమ్‌లోనే ఉండే వాయిస్, మంబుల్ అనే ఇంకో యాప్ మూడింటినీ చాలాకాలంగా వాడుతున్నాం. పరిచయమున్న జట్టుకు డిస్కార్డ్‌నే సిఫారసు చేస్తాం. అయితే ఇన్‌స్టాల్ చేసిన వెంటనే ఉండే సెట్టింగులతో కాదు. మాట పాడైన సందర్భాల్లో ఎక్కువ శాతం తప్పు యాప్‌ది కాదు, మైకు నుంచి యాప్ దాకా ఉన్న దారిది.

ముందు హెడ్‌సెట్ సంగతి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో పీసీలో ఆడేవాళ్ల ఫిర్యాదు ఒక్కటే: చాట్‌లో చేరగానే గేమ్ శబ్దం పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లా మారిపోతుంది. మామూలు బ్లూటూత్‌లో స్టీరియో పాటలు వినిపించే పద్ధతి వేరు, మైకు పనిచేసే హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతి వేరు. మైకు తెరవగానే రెండోదానికి మారాల్సి వస్తుంది. అందులో శబ్దం మోనో అవుతుంది, శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తారో చెప్పే శాంపిల్ రేటు 16 కిలోహెర్ట్జ్‌కో, పాత పరికరాల్లో 8కో పడిపోతుంది. అడుగుల చప్పుడు ఏ పక్క నుంచి వస్తోందో ఇక తెలియదు. మైకుగా ఇయర్‌బడ్స్‌నే వాడినంతకాలం సెట్టింగులతో దీన్ని సరిచేయలేం. ఇయర్‌బడ్స్‌ను వినడానికే ఉంచి, డిస్కార్డ్‌లో ఇన్‌పుట్ డివైస్‌గా ల్యాప్‌టాప్ మైకునో యూఎస్‌బీ మైకునో ఎంచుకుంటే స్టీరియో నిలుస్తుంది. అన్నిటికన్నా మంచిది వైరు హెడ్‌సెట్, లేదా సొంత యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చే వైర్‌లెస్ హెడ్‌సెట్.

వైరు హెడ్‌సెట్‌లో 3.5 ఎంఎం ప్లగ్ చూడండి. దానిమీద మూడు నల్ల గీతలుంటే మైకు, స్పీకర్లు ఒకే ప్లగ్‌లో ఉన్నట్టు. డెస్క్‌టాప్ వెనక ఆకుపచ్చ, గులాబీ రంగు రంధ్రాలు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి దాన్ని నేరుగా పెడితే శబ్దం వినిపిస్తుంది కానీ మైకు పలకదు. వై ఆకారపు స్ప్లిట్టర్ కావాలి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలోనో కోఠిలోనో కొనేటప్పుడు ఒక చివర మైకు బొమ్మ, ఇంకో చివర హెడ్‌ఫోన్ బొమ్మ ఉన్నదే అడగాలి. ఇద్దరు కలిసి పాటలు వినే స్ప్లిట్టర్ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది, అది ఇక్కడ పనికిరాదు.

తరువాత విండోస్. సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద మైక్రోఫోన్‌లోకి వెళ్లి, డెస్క్‌టాప్ యాప్‌లకు అనుమతి ఉందో లేదో చూడాలి. అది ఆపి ఉంటే డిస్కార్డ్‌లో ఏం మార్చినా మైకు మూగగానే ఉంటుంది. పాత సౌండ్ కంట్రోల్ ప్యానెల్లో కమ్యూనికేషన్స్ అనే ట్యాబ్ ఉంది. కాల్ జరుగుతోందని విండోస్ అనుకుంటే మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించేలా అక్కడ ముందే పెట్టి ఉంటుంది. దాన్ని 'డూ నథింగ్'కి మార్చాలి. ఎవరో మాట్లాడినప్పుడల్లా గేమ్ శబ్దం కుంగిపోతోందంటే ముందు ఇదే చూడండి, తర్వాత డిస్కార్డ్‌లో ఇదే పని చేసే అటెన్యుయేషన్ సున్నా మీద ఉందేమో చూడండి. మైకు బూస్ట్‌ను 20 డెసిబెల్స్ మీద పెడితే మాటతో పాటు బుస్సుమనే శబ్దమూ పెరుగుతుంది. దాని బదులు మైకును నోటి మూలకు, రెండు వేళ్ల దూరంలోకి జరపండి. నోటికి ఎదురుగా వద్దు, ఊపిరి తగిలి దబదబలాడుతుంది.

డిస్కార్డ్ లోపల అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయం పుష్ టు టాక్. మన ఇళ్లలో ఫ్యాను, కుక్కర్ విజిల్, పక్క గదిలో టీవీ ఉండనే ఉంటాయి. మాట వినపడగానే దానంతటదే తెరుచుకునే వాయిస్ యాక్టివిటీ కన్నా కీ నొక్కి మాట్లాడటమే మేలు. మౌస్ పక్కన ఉండే బటన్ పెట్టుకుంటే పరుగెత్తే వేళ్లకు అడ్డు రాదు. వాలరెంట్‌లో టీమ్ వాయిస్‌కు వి కీ, పార్టీ వాయిస్‌కు యు కీ ముందే ఉంటాయి. అదే వి కీని డిస్కార్డ్‌కూ పెడితే మీ మాట రెండు చోట్లకూ పోతుంది.

కీ వదిలాక మైకు ఎంతసేపు తెరిచి ఉండాలో చెప్పే రిలీజ్ డిలే స్లైడర్‌ను 20 మిల్లీసెకన్ల దగ్గరే వదిలేయకండి. తెలుగులో క్రియ చివర వస్తుంది. "ఎడమవైపు ఎవరూ లేరు" అన్నప్పుడు చివరి ముక్క తెగితే మిగిలేది "ఎడమవైపు ఎవరూ". జట్టు అటే తుపాకీ ఎక్కుపెడుతుంది. 250 దగ్గర పెడితే ఈ బాధ ఉండదు. అంతకు మించి పెంచితే మీ కీబోర్డు చప్పుడు అందరికీ వినిపిస్తుంది.

గేమ్ తెరిచాక పుష్ టు టాక్ పనిచేయడం మానేసిందంటే, ఆ గేమ్ అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడుస్తూ ఉండొచ్చు. తక్కువ హక్కులతో నడిచే డిస్కార్డ్‌కు అప్పుడు కీ నొక్కిన సంగతి అందదు. డిస్కార్డ్‌ను కూడా రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరవాలి. ఇది తెలియక హెడ్‌సెట్లే మార్చేసేవాళ్లున్నారు.

వాయిస్ యాక్టివిటీయే కావాలనుకుంటే ఆటోమేటిక్ సెన్సిటివిటీ ఆపేయండి. మీరు మౌనంగా ఉన్నప్పుడు కదిలే గీత ఎక్కడిదాకా వస్తోందో చూసి, దానికి ఆరేడు డెసిబెల్స్ పైన హద్దు పెట్టండి. ఫ్యాను తిరుగుతుండగానే చూడాలి.

శబ్దం వడపోతకు డిస్కార్డ్‌లోనే ఉండే క్రిస్ప్ బాగా పనిచేస్తుంది. ఫ్యాను హోరు, కీబోర్డు టకటకలు దాదాపు పోతాయి. పక్కనే కూర్చుని మాట్లాడే మనిషి గొంతును మాత్రం అంత నమ్మకంగా తీసేయలేదు. హెడ్‌సెట్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఒక వడపోత, ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఎన్విడియా బ్రాడ్‌కాస్ట్ వడపోత, దానిపైన క్రిస్ప్, ఇలా ఒకదాని మీద ఒకటి పెడితే మాట రోబో గొంతులా మారి అక్షరాలు మింగేస్తుంది. ఏదో ఒకటే ఉంచండి. మాటల మొదటి అక్షరాలు పోతున్నాయంటే ముందుగా ఈ జోడింపులనే అనుమానించాలి.

నెట్‌వర్క్ విషయానికొస్తే వాయిస్‌కు పెద్ద స్పీడు అక్కర్లేదు. ఛానెల్ బిట్‌రేటు, అంటే సెకనుకు పోయే శబ్దం డేటా, మొదట 64 కేబీపీఎస్ ఉంటుంది. ఒక్కరి గొంతు ఆపకుండా గంట నడిచినా దాదాపు 29 ఎంబీ, ప్యాకెట్ల అదనపు భారంతో ఇంకాస్త. బూస్ట్ (డబ్బు కట్టి తీసుకునే అదనపు సౌకర్యం) లేని సర్వర్‌లో 96 దాకా పెంచవచ్చు. మాటలకే అయితే ఆ తేడా చెవికి పెద్దగా తెలియదు. శబ్దాన్ని కుదించడానికి డిస్కార్డ్ వాడే ఓపస్ కోడెక్ తక్కువ బిట్‌రేటులోనూ మాటను బాగా నిలబెడుతుంది కాబట్టి మొబైల్ డేటాతో ఆడేవాళ్లుంటే 32కు తగ్గించినా నష్టం లేదు. మాట తెగడానికి కారణం సాధారణంగా ప్యాకెట్లు, అంటే నెట్‌లో పోయే డేటా ముక్కలు, దారిలో పోవడం. ఇంట్లో ఎవరో ఫోన్ ఫొటోలు బ్యాకప్ పెట్టినప్పుడు అప్‌లోడ్ నిండిపోయి పింగ్ (డేటా సర్వర్‌కు వెళ్లి రావడానికి పట్టే సమయం) ఎగురుతుంది. ఆకుపచ్చ 'వాయిస్ కనెక్టెడ్' మీద నొక్కితే పింగ్ కనిపిస్తుంది. కాలేజీ హాస్టల్ వైఫైలో 'నో రూట్' అని వస్తే అక్కడ వాయిస్ డేటా వెళ్లే యూడీపీ పద్ధతిని ఆపి ఉండొచ్చు, వీపీఎన్ వల్లా రావచ్చు. మొబైల్ హాట్‌స్పాట్‌తో ఒకసారి కలిపి చూస్తే తప్పు ఎక్కడుందో తేలిపోతుంది.

హైదరాబాదులో ముగ్గురు, డల్లస్‌లో ఇద్దరు ఉన్న జట్టుకు ఛానెల్ సెట్టింగుల్లో రీజియన్‌ను (వాయిస్ సర్వర్ ఉండే ప్రాంతాన్ని) ఇండియాకు పెట్టినా, అమెరికాకు పెట్టినా ఎవరో ఒకరికి 200 మిల్లీసెకన్లు దాటడం మామూలే. అలాంటప్పుడు గేమ్ సర్వర్ ఎక్కడుందో ఆ రీజియన్‌నే పెట్టడం మా అలవాటు. దూరంగా ఉన్నవాళ్లకు ఆటా, మాటా ఒకేలా ఆలస్యమవుతాయి కాబట్టి అయోమయం తక్కువ.

బీజీఎంఐ లాంటి ఫోన్ ఆటల్లో గేమ్‌లోని వాయిసే వాడండి. డిస్కార్డ్ కూడా తెరిస్తే రెండూ ఒకే మైకు కోసం పోటీపడి, ఒకదానికి మౌనమే అందుతుంది. తప్పదంటే గేమ్‌లో మైకు ఆపేయాలి.

8 జీబీ ర్యామ్ ఉన్న పీసీలో డిస్కార్డ్ బరువు తెలుస్తుంది. గేమ్ మీద డిస్కార్డ్ సమాచారం చూపించే ఓవర్‌లే ఆపేస్తే కొంత తేలికపడుతుంది. అదీ చాలకపోతే మంబుల్ చూడండి. ఉచితం, ఓపెన్ సోర్స్, చాలా తేలిక, ఆలస్యమూ తక్కువే. కాకపోతే సర్వర్ సాధారణంగా మీరే నడపాలి: 64738 పోర్టును టీసీపీ, యూడీపీ రెండింటికీ రౌటర్‌లో తెరవాలి. ఇంటి కనెక్షన్‌కు సొంత పబ్లిక్ ఐపీ లేకపోతే ఆ పోర్టు తెరిచినా బయటివాళ్లు చేరలేరు, ముందు మీ ఇంటర్నెట్ సంస్థను అడిగి తెలుసుకోండి.